కొంగ కాలు మార్చేలోపు

ఆ ఏడు ఎండలు ముదిరేసరికి అడవిలో ఉన్న ఒక్క మడుగూ బురదగా మిగిలింది. ఇక వలస పోక తప్పదు. ముందు పెద్దను ఎన్నుకోవాలి, ఆ పెద్ద చెప్పిన దిక్కుకి జంతువుల మంద మొత్తం నడవాలి. పోటీకి నిలబడింది ఇద్దరే: నక్క, కాటమయ్య అనే ముసలి అడవిదున్న.

ప్రసంగానికి అక్కడో కట్టుబాటుంది. ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ కాలు మార్చేదాకానే మాట్లాడాలి. కాలు మారాక అన్న మాట చెల్లదు.

నక్క లేచింది. "తూర్పుకి పదండి. మూడోనాటికి నీళ్లు. పూచీ నాది!" అని కూర్చుంది. తూర్పున ఏముందో దానికి బొత్తిగా తెలీదు. మాటలు మాత్రం కోటలు దాటాయి.

కాటమయ్యకి తెలుసు. చిన్నప్పుడు ఓ కరువులో తల్లి వెంట పడమటి కొండకి పోయి, నల్లబండ కింద ఊటనీళ్లు తాగాడు. కానీ దున్న బుద్ధి ఎక్కడికి పోతుంది? మేతైనా మాటైనా నెమరు వేయందే కుదరదు.

"అంటే, నాకు తెలిసినంతలో... చాలా ఏళ్లయింది, తప్పయితే తిట్టుకోకండి," అని కాసేపు నమిలాడు. "రాళ్లతోవ. పిల్లలు నడవగలరో లేదో. ఊట ఉండొచ్చు, తగ్గిపోయీ ఉండొచ్చు. మా అమ్మ ఏమనేదంటే..."

కొంగ కాలు మార్చింది.

ఏ దిక్కో ఇంకా చెప్పనే లేదు. మంద లేచి నక్క వెనక నిలబడింది.

కుందేలొక్కటే ఆగింది. "పడమర, అల్లుడూ! నీళ్లు పడమరనున్నాయి!" అన్నాడు కాటమయ్య.

"ఆ ముక్క ముందే అనుంటే అందరం నీ వెనకే వచ్చేవాళ్లం మామా. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పిల్లలున్నోణ్ణి, మందని వదిలి ఎలా రాను?" అని కుందేలు తలదించుకుని పోయింది.

"ఓడినోడికి ఇంకా నోరెందుకు?" అంది నక్క. అందరూ నవ్వారు. కాటమయ్య పడమటికి తిరిగాడు.

ఒంటరిగా నడిచి రెండో రోజుకి నల్లబండ చేరాడు. ఊట ఉంది, మందంతా తాగినా తరగనంత. కడుపారా తాగాడు. పక్కన ఇంకెవరూ తాగే చప్పుడు లేదు. అది భరించలేక తూర్పుకి తిరిగి, "నీళ్లిక్కడున్నాయి, రండి!" అని రంకె వేశాడు. ఒక్క తడబాటూ లేకుండా వచ్చింది మాట. వినాల్సినవాళ్లు నాలుగు రోజుల నడక దూరంలో ఉన్నారు.

తెలిసిన నిజం ముందు చెప్పాలి, సందేహాలు తర్వాత చెప్పుకోవచ్చు.