చీనమ్మ రాని ఏడు

కొల్లేటి గట్టున ఒక బాతుల దడి ఉండేది. దానికి తలుపు లేదు. మైలగాడనే ముసలి ఎద్దు సాయంత్రం వచ్చి అడ్డంగా పడుకుంటే అదే తలుపు. మోకాళ్ళ నొప్పులతో ఒకసారి పడుకున్నాడంటే తెల్లారేదాకా లేవలేడు కనుక గట్టి తలుపే.

ఏటా చలికాలంలో చీనా దేశం నుంచి పొడుగుముక్కు ఉల్లంకి పిట్ట ఒకటి వచ్చేది. బాతులు దాన్ని చీనమ్మ అనేవి. దాని వైద్యమే వేరు. జలుబన్నా, కడుపుబ్బరమన్నా ముందు నాలుక చాపమనేది. కాలి దగ్గర నాడి చూసేది. నిద్ర పట్టిందా అని అడిగేది. ఆ తర్వాతే జలుబుకు అల్లం, ఎండు రేగుపళ్ళు. ఉబ్బరానికి ఎండిన నారింజ తొక్క. మైలగాడికైతే మోకాలి కింద ముక్కుతో సూదిలా నాలుగు పోట్లు పొడిచేది. నొప్పి మొత్తం పోయేదని నేను చెప్పను. కానీ వాడికి కంటినిండా నిద్రపట్టేది. నిద్ర పట్టిందా అని వాణ్ణి అడిగిన ప్రాణి ఆ గట్టు మొత్తానికి అదొక్కటే మరి.

ఈ ఏడు మాఘం వచ్చినా చీనమ్మ రాలేదు. మైలగాడు మేత మానేసి ఉత్తరం వైపే చూస్తుండేవాడు. బాతులు కొన్నాళ్ళు నవ్వాయి, తర్వాత నవ్వడం మానేశాయి.

ఓ సాయంత్రం నక్క వచ్చింది, మెడలో తుమ్మముళ్ళ మూటతో. ఊరక రారు మహానుభావులు. చీనమ్మకు రెక్క నొప్పి చేసిందనీ, తనకు సూదివైద్యం నేర్పి పంపిందనీ, కాస్త అవతల మెత్తటి ఇసుకలో పడుకుంటే పని అయిపోతుందనీ చెప్పింది.

మైలగాడు మెడ చాచాడు. "నా గురించి ఏమైనా అందా?"

"అనకేం మావా, నిన్నే తలుచుకుంటోంది. నీ నొప్పి పూర్తిగా పోగొట్టి రమ్మంది."

ఆ ఒక్క మాటకే వాడు వెనక కాళ్ళ మీద సగం లేచాడు. దడిలో బాతులు బిక్కచచ్చిపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది వాడికి: పూర్తిగా పోతుందని చీనమ్మ ఏనాడూ అనలేదు. నాలుక చూడకుండా ఏనాడూ పోటు పొడవలేదు.

"అల్లుడూ, చీనమ్మ దగ్గర ఒక పద్ధతుంది. కొత్త వైద్యుడు ముందు తన నాలుక రోగికి చూపించాలి. నేర్పలేదా?"

"నేర్పకేం," అంటూ నక్క నోరు తెరిచింది.

నాలుక మీద ఈక అంటుకుని ఉంది. చీనమ్మదేమోనని మైలగాడు కళ్ళు చిట్లించి చూశాడు. చీనమ్మది బూడిదరంగు ఈక. ఇది తెల్లది, మధ్యాహ్నం నుంచి కనబడని బాతుది. హమ్మయ్య అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గంతా కొమ్ముల్లోకి తెచ్చుకుని ఒక్క కుమ్ము కుమ్మాడు. నక్క ముళ్ళమూటతో సహా ఎగిరి గట్టు కింద పడింది. ముళ్ళు ఎక్కడెక్కడ గుచ్చుకున్నాయో నన్నడక్కండి, సూదివైద్యం మాత్రం దానికే జరిగింది.

మర్నాడు పొద్దున్నే మైలగాడు కుంటుకుంటూ నీటి ఒడ్డుకు పోయి, ఉత్తరం వైపు తిరిగి నాలుక చాపి నిలబడ్డాడు. ఒక బాతు మెల్లగా పక్కకొచ్చింది.

"నిద్ర పట్టిందా తాతా?"

వాడు లేదని తల ఊపాడు. నాలుక మాత్రం లోపలికి తీసుకోలేదు.

నాలుక ఏం చెప్పిందో వినడం కాదు, నాలుక మీద ఏముందో చూడాలి.