సింగారి నేర్చిన దొంగ కూత

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎండాకాలం వచ్చిందంటే అందరి చూపూ ఒక పెద్ద ఇప్పచెట్టు మీదే. ఎందుకంటారా? తెల్లారేసరికి దాని కింద పూలు కుప్పలుగా రాలి ఉంటాయి. తియ్యగా, గుజ్జుగా ఉంటాయి. వాటి కోసం చుక్కల దుప్పులు వస్తాయి. అడవికోళ్లూ వస్తాయి. వాళ్ల కోసం చిరుతపులి వస్తుంది.

ఆ చిరుత పేరు సింగారి. పేరుకు తగ్గట్టే ఒంటినిండా చుక్కలు, నడకలో వయ్యారం. అన్నీ ఉన్నాయి గానీ ఓపిక ఒక్కటే లేదు. కొండమీది గుహలో ఆమెకు ఇద్దరు పిల్లలు. పిల్లాడు బుడంకాయ, పిల్ల మల్లి. ఇద్దరికీ ఎప్పుడు చూసినా ఆకలే. అచ్చం మీలాగే!

ఒకరోజు పొద్దున్నే సింగారి ఇప్పచెట్టు దగ్గరికి వెళ్లి రెల్లుగడ్డిలో నక్కింది. దుప్పుల మంద వచ్చింది. ఇంకాస్త దగ్గరికొస్తే పని అయిపోయినట్టే. ఇంతలో ముందున్న పెద్ద దుప్పి ముక్కు పైకెత్తింది.

"చిరుత కంపు! పదండర్రా!" అంది.

అంతే, మంద మాయం.

మర్నాడు అడవికోళ్లు వచ్చాయి. సింగారి ఊపిరి బిగబట్టి కూర్చుంది. ముక్కు మీద ఈగ వాలింది. తల విదిలించింది. తోక ఒక్కసారి అటూ ఇటూ ఆడింది.

"కొక్కొక్కో! గడ్డికి తోక మొలిచింది చూడండి!" అని అరిచింది పుంజు. కోళ్లన్నీ టపటపా ఎగిరిపోయాయి.

సింగారికి ఒళ్లు మండింది. తిన్నగా గవ్వలమ్మ దగ్గరికి వెళ్లింది. గవ్వలమ్మ అంటే సింగారికి పెద్దమ్మ. పళ్లు సగం ఊడిపోయాయి. అయినా వేట సంగతులు ఆమెను మించి తెలిసినవాళ్లు ఆ అడవిలో లేరు.

"నా ఖర్మ ఇలా కాలింది పెద్దమ్మా!" అని జరిగిందంతా చెప్పి మొత్తుకుంది సింగారి.

"ఖర్మ సంగతి తర్వాత. గాలి ఎటునుంచి వీచిందే?" అంది గవ్వలమ్మ.

"నా వెనకనుంచి."

"మరి నీ వాసన మోసుకెళ్లి దుప్పి ముక్కుకి ఇవ్వదూ! గాలి నీ మొహానికి తగలాలి. ఇక కోళ్లంటావా, వాటికి వాసన సంగతి పెద్దగా పట్టదు. కళ్లు మాత్రం మహా చురుకు. నువ్వు కనబడినా పరవాలేదు, కదలకూడదు. ఈగ వాలనీ, చీమ కుట్టనీ, రాయిలా కూర్చో."

"ఎంతసేపు?"

"అది వచ్చేదాకా."

"రాకపోతే?"

"రేపు మళ్లీ కూర్చో."

సింగారి మొహం ముడుచుకుంది. అయినా పెద్దమ్మ చెప్పినట్టే చేసింది. గాలి చూసుకుంది. కదలకుండా కూర్చుంది. ఒకరోజు కోడి దొరికింది. ఇంకోరోజు ఏమీ దొరకలేదు. ఏమీ దొరకనిరోజు పిల్లలిద్దరూ ఉత్త మట్టిని నాకుతూ పడుకునేవాళ్లు. అది చూస్తే ఏ తల్లికి మాత్రం నిద్ర పడుతుంది చెప్పండి?

ఆ ఇప్పచెట్టు మీదే పసులపోలిగాడు ఒకడు ఉండేవాడు. నల్లటి పిట్ట, చీలిన తోక. ఎవరి గొంతు వింటే వాళ్లలా కూసేస్తాడు. ఉత్త చేతులతో వెళ్తున్న సింగారిని చూసి వాడు కిందికి వాలాడు.

"అక్కా! వాళ్ల కోసం నువ్వు పడిగాపులు పడటమేంటి? వాళ్లనే నీ దగ్గరికి రప్పిస్తే పోలా?"

"ఎలా రప్పిస్తావురా?"

పోలిగాడు గొంతు సవరించుకున్నాడు. "మ్యాఁ... మ్యాఁ..." అని సన్నగా అరిచాడు. తప్పిపోయిన దుప్పిపిల్ల అచ్చం అలాగే అరుస్తుంది.

"ఈ కూత వింటే తల్లిదుప్పి ఒక్క క్షణం ఆగదు. పరిగెత్తుకుంటూ వస్తుంది" అన్నాడు.

"బాగానే ఉంది. మధ్యలో నీకేంటి లాభం?"

"నువ్వు తిన్నాక ఎముకల మీద ఈగలు ముసురుతాయి కదా. అవన్నీ నాకే!"

బేరం కుదిరింది. సింగారి గొంతు మొదట్లో గేదె దగ్గినట్టు వచ్చింది. పోలిగాడు పడీపడీ నవ్వాడు. కూయగా కూయగా కూత కుదిరింది.

మర్నాడు సింగారి గడ్డిలో కూర్చుని కూసింది. నిజంగానే ఒక తల్లిదుప్పి ఆత్రంగా పరిగెత్తుకొచ్చింది. ఆ తర్వాత ఏమైందో చెప్పను. ఆ దుప్పిని తలుచుకుంటే నాకూ కడుపు తరుక్కుపోతుంది. కానీ చిరుత గడ్డి తిని బతకదు కదా!

ఆ రోజు గుహలో పండగే పండగ. సింగారి గొప్పగా పిల్లల ముందు కూడా ఆ కూత కూసి చూపించింది. "మళ్లీ అమ్మా, మళ్లీ!" అని వాళ్లు గంతులేశారు.

గవ్వలమ్మకు మాత్రం ఇది నచ్చలేదు. "ఆ కూత వినేది దుప్పి ఒక్కటేనా? అడవిలో చెవులున్నవాళ్లు చాలామంది ఉన్నారే" అంది.

"నువ్వు మరీ చాదస్తం పెద్దమ్మా" అని నవ్వేసింది సింగారి.

కానీ దుప్పులేం వెర్రివి కావు. కొన్నాళ్లకు వాటికి సంగతి అర్థమైంది. ఆ కూత వినబడితే చాలు, ఎదురుదిక్కుకి పరిగెత్తేవి. తర్వాత ఇప్పచెట్టు దగ్గరికి రావడమే తగ్గించేశాయి. సింగారి గొంతు పోయేలా కూసింది. ఒక్కటీ రాలేదు. గుహలో పిల్లల డొక్కలు మళ్లీ లోపలికి పోయాయి.

అలా ఉండగా ఒకరోజు పొద్దెక్కాక, సింగారి నీరసంగా కొండకిందికి వస్తోంది. రెల్లుగడ్డిలోంచి చిన్నగా వినబడింది.

"మ్యాఁ... మ్యాఁ..."

సింగారి చెవులు నిక్కబొడుచుకున్నాయి. దుప్పిపిల్ల! గాలి చూసుకుంది. మొహానికే తగులుతోంది గానీ, దారంతా రాలిన ఇప్పపూల ఘాటుకి వేరే వాసన ఏదీ తెలియడం లేదు. పొట్ట నేలకు ఆనించి ముందుకు పాకింది. గడ్డి సందుల్లోంచి చుక్కలు కనబడ్డాయి. చిన్న ఒళ్లు, చుక్కల ఒళ్లు. తల కనబడలేదు. కాళ్లూ కనబడలేదు.

కాస్త ఆగితే అది పక్కకు తిరిగేదే. "ఇంకా చూసేదేముంది? కూత దుప్పిది, చుక్కలు దుప్పివి. ఆగితే పారిపోతుంది. పిల్లలు ఈపూట కూడా పస్తే" అనుకుంది సింగారి.

పంజా చాచి దూకింది.

"అమ్మా!"

గాలిలో ఉండగానే సింగారికి ఆ గొంతు తెలిసింది. ఒళ్లు మొత్తం మెలితిప్పింది. పక్కనున్న ముళ్లపొదలో ధబ్బున పడింది. పంజా గోరు మాత్రం తగలనే తగిలింది. బుడంకాయ చెవి అంచు చీలి నెత్తురు కారింది.

సింగారి ముళ్లలోంచి పడుతూ లేస్తూ వచ్చింది. కొడుకుని తలనుంచి తోకదాకా నాకింది. మళ్లీ నాకింది. వాడిని పొదివి పట్టుకుని అక్కడే కూలబడింది.

బుడంకాయకి ఏడుపు వస్తోంది. అయినా కళ్లు మెరుస్తున్నాయి.

"అమ్మా, మల్లికి ఆకలేస్తోందని దుప్పిని పిలుద్దామని వచ్చా. నేను బాగా కూశా కదూ? నువ్వు కూడా నమ్మేశావు!" అన్నాడు.

సింగారి భోరున ఏడ్చింది. అంత పెద్ద చిరుత అలా ఏడవడం ఆ అడవి ఎప్పుడూ చూడలేదు.

సంగతి విన్న గవ్వలమ్మ ఒక్క మాట కూడా తిట్టలేదు. ఆకు నమిలి బుడంకాయ చెవికి పసరు పూసింది. సింగారి ఇప్పచెట్టు దగ్గరికి వెళ్లి, "ఒరే పోలిగా, నీ ఈగలేవో ఇంకెక్కడైనా వెతుక్కో. మన బేరం చెల్లు" అనేసింది. పోలిగాడు తోక ఝాడించి ఎగిరిపోయాడు.

దొంగ కూత ఆగాక దుప్పులు మెల్లగా ఇప్పపూలకు రావడం మొదలుపెట్టాయి. ఒకనాడు సింగారి గాలి చూసుకుని రాయిలా కూర్చుంది. ముందున్న పొద కదిలింది. ఆకుల మధ్య చుక్కలు కనబడ్డాయి. ఒక్క గెంతు దూరం. సింగారి పంజా నేలకే అదిమిపెట్టి చూస్తూ ఉండిపోయింది. తల ఎప్పుడు కనబడుతుందా అని చూసేలోపల దుప్పి పొద చాటునుంచే వెనక్కి వెళ్లిపోయింది.

సాయంత్రం సింగారి నోట కరుచుకొచ్చింది ఒక ఉడుము.

"ఉడుమా!" అని మొహం చిట్లించింది మల్లి. "దుప్పి అంత దగ్గరికొచ్చిందని నువ్వే అన్నావు. మరెందుకు దూకలేదమ్మా?"

"దాని మొహం కనబడలేదే తల్లీ" అంది సింగారి. ఉడుములో మెత్తటి ముక్క చీల్చి ముందు బుడంకాయకి పెట్టింది.

నీతి: పొదలో కదిలింది ఎవరో కళ్లారా చూశాకే పంజా ఎత్తాలి. ఆగితే ఒక పూట తిండి పోతుంది, ఆగకపోతే మన ప్రాణంలాంటివాళ్లే పోవచ్చు.