పదకొండో గుడ్డు పగిలేదాక

అవు బిడ్డా, గందుకే ఎవ్వలూ లేవలే. పొద్దుగాల పెద్దాఫీసరు కారు దిగి వస్తే, పూజ జేసే అవ్వ గూడ కూసున్నకాడికెల్లి కదల్లే, సూసినవ్ గదా. ఆయనకు కోపమొచ్చిందో ఏమో. రానీ. పొదుగుగడ్డ మీద ఎవ్వలొచ్చినా లేవొద్దు. ఇది పొదుగవ్వ వెట్టిన కట్టడి.

గుడంటే ఇక్కడ గోపురం లేదు, గంట లేదు. చిక్కుడు పందిరి, వంగ మడి, తోటకూర మడి, నడుమ నల్లబండ. కూసున్న ఆడమనిషి లెక్కనే ఉంటది బండ, ఒడి సుత ఉన్నది. సుట్టూ పెట్టలు తిరుగుతయ్. ఒక్కదాన్ని గూడ కొయ్యరు.

పూర్వం ఇక్కడ కొంరవ్వ అని ఒక ముసలామె ఉండేది. మొగడు ఎన్నడో పోయిండు. ఉన్న ఒక్క బిడ్డ బుచ్చవ్వ జొరమొచ్చి పోయింది. పోయేముందు ఆ పిల్ల పెరట్ల చిక్కుడు గింజలు వెట్టింది, ఒక మచ్చల పెట్టను సాదింది. ఆ పెట్ట మడి మడి తిరిగి పురుగులు ఏరుకతినేది. దాని పెంటను కొంరవ్వ చిక్కుడు మొదట్ల ఏసేది. బిడ్డ పోయినంక ఆ పెట్ట పదకొండు గుడ్లు వెట్టి పొదుగుల కూసున్నది. ఆ ఇంట్ల ఇగ పాణమంటే గదే.

ఇరవై ఒక్క రోజులల్ల పద్నాలుగు గడిచినయ్. పొదుగుల ఉన్న పెట్ట రోజుకొక్కపారి లేస్తది. నాలుగు గింజలు తిని, మట్టిల పొర్లి, మళ్ల వోయి కూసుంటది. సరిగ్గ గప్పుడే దొర ఉండే గడీ నుంచి ఆయన మనిషి ఎల్లయ్య వచ్చిండు. దొరింటికి సుట్టాలొస్తే ఊరోళ్లు కోళ్లను ఊకెనే ఇయ్యాలె. అప్పటి రివాజు అది.

"పొదుగుల ఉన్నదిరా ఎల్లిగా! గుడ్లల్ల పాణం వడ్డది, ఇడిసిపెట్టు" అన్నది కొంరవ్వ.

"సుట్టాలకు నీ కత వండి పెట్టాల్నా?" అని నవ్వి, పెట్టను సంకల వెట్టుకొని పోయిండు.

కొంరవ్వ ఏడ్వలే. ఏడ్సుడు ఎప్పుడో అయిపోయింది ఆమెకు. పందిరి కింద ఊక పోసుకున్నది, గొంగడి కప్పుకున్నది, పదకొండు గుడ్లు ఒడిల వెట్టుకొని కూసున్నది. మరునాడు గడీల వెట్టికి పోలే.

పక్కింటి సాయవ్వ అంబలి తెచ్చింది. "లేవే అక్కా. బిడ్డ పోయిందని నువ్వూ పోతవా?"

"బిడ్డ పోయిందని కూసున్ననా? బిడ్డ సాదిన పెట్ట గుడ్లు సల్లారుతయని కూసున్న. గీడనే తాపియ్యి."

సాయవ్వ రోజూ తాపింది. కొంరవ్వ గుడ్లను తిప్పుకుంట, గొంగడి సర్దుకుంట గట్లనే ఉన్నది. ఎల్లయ్య మళ్ల వచ్చిండు వెట్టికి పిలువ.

"ఏందే, నువ్వే పెట్టవైనవా? ముక్కు మొలిసిందా?"

"దగ్గరికి రా కొడుకా, పొడిసి సూపెడ్త."

ఇరవై ఒకటో రోజు దొరనే గుర్రమెక్కి వచ్చిండు. దొర వస్తుంటే ఊరంత లేసి, చెప్పులు ఇడిసి నిలవడాలె. అందరు నిలవడ్డరు. కొంరవ్వ లేవలే.

"లే!" అన్నడు దొర.

"లేవ. గుడ్లు పగిలే యాళ్ల. జర మెల్లగ మాట్లాడు" అన్నది. బాంచెన్ అనలే, దొరా అని గూడ అనలే.

గప్పుడు సాయవ్వ, నిలవడ్డ మనిషి, కొంరవ్వ పక్కకు వోయి కూసున్నది. ఇంకొకామె కూసున్నది. సూస్తుండంగనే ఆడోళ్లంత మడి గట్ల మీద కూసున్నరు. దొర మొకం నల్లవడ్డది. "పొద్దుగాల నాగళ్లు తోలిస్త. పందిరిని, మళ్లను, నిన్ను కలిపి దున్నిస్త" అని మర్లిపోయిండు.

పొద్దుగూకేవరకు ఒడిల పది పిల్లలైనయ్. కిచకిచ కిచకిచ. పదకొండోది పగుల్లే.

"ఇగ లేవే అక్కా, సాలు" అన్నది సాయవ్వ.

"ఇంకొకటున్నది" అన్నది కొంరవ్వ.

ఆ గుడ్డు ఇప్పటికి బండ ఒడిల్నే ఉన్నది, సెయ్యి వెట్టి సూడు. వానల తడిసినా గోరువెచ్చగుంటది. అది పగిలేదాక కొంరవ్వ, గామెనే మన పొదుగవ్వ, లేవది. అవ్వ లేవంది మనమెట్ల లేస్తం? ఇక్కడికొచ్చేటోళ్లు గుడ్లువెట్టే పెట్టను తెచ్చి ఇడుస్తరు, చిక్కుడు గింజ పాతుతరు, పొదుగ వెయ్యను ఒక్క గుడ్డు తీస్కపోతరు. వాళ్ల పెరడు ఎండది, గంప ఖాళీ గాదు. బిడ్డలు పోయినోళ్లు గూడ వస్తరు. వచ్చి కూసుంటరు, ఒక్కపూట గానీ, నెల గానీ. లేవుమని ఎవ్వలనరు.

దొర నాగళ్లు నిజంగనే వచ్చినయ్ బిడ్డా. ఎడ్లు మడి గట్టు కాడ కూసున్నయ్, కర్రలిరిగేదాక కొట్టినా లేవలే. పందిరి కింద కొంరవ్వ కూసున్నకాడ ఈ బండ ఉన్నది. సుట్టూ పది పిల్లలు మట్టి గీరుకుంట తిరుగుతున్నయ్. తెల్లారెవరకు కొంరవ్వ లేదు.