ఏలినవారి ముంగిస

గండికొండ రాజు చిననారపరాజు గారు కాశీయాత్రకు బయలుదేరుతూ రాజ్యాన్ని మంత్రికి రెండు మాటల్లో అప్పగించారు. తమ పెంపుడు ముంగిస బంగారిని అప్పగించడానికి మాత్రం పూటంతా పట్టింది.

అప్పగించింది కొమ్మనకు. రాజుగారికి విసుగు పుట్టినప్పుడు నవ్వించడం కొలువులో అతని పని. బంగారికి పాలు ఎంత వెచ్చగా ఉండాలి, ఎటు తల పెట్టి పడుకుంటుంది, ఉరిమితే ఎక్కడ దాక్కుంటుంది అంటూ రాజుగారు డెబ్భై రెండు సంగతులు చెప్పారు. గుడ్డు తినిపించేటప్పుడు తలుపులు వేసుకోమన్నారు. ఎందుకో చెప్పలేదు. తాము తిరిగొచ్చేసరికి బంగారి చిక్కిపోయి కనబడితే మాత్రం కొమ్మన పొలిమేర దాటాల్సిందేనన్నారు.

మరొకరైతే చాటుకు వెళ్ళి నవ్వుకునేవారు. కొమ్మనకు ఆ అర్హత లేదు. పిల్లలిద్దరినీ దూరాన గురువుగారింట చదువుకు పెట్టి, తలంటుకున్నాక జుట్టు ఆరబెట్టుకోమని వారానికో తాటాకు రాసి పంపే తండ్రి అతను. మీ ఉత్తరాలు చదవడంతోనే పిల్లల చదువు సరిపోతోందని గురువుగారు ఒకసారి జవాబు కూడా పంపారు. అందుకని డెబ్భై రెండూ శ్రద్ధగా రాసుకుని, డెబ్భై మూడోది తానే అడిగాడు, బంగారి తుమ్మితే ఏం చేయాలని.

రాజుగారు వెళ్ళాక రెండు రోజులు బంగారి గుడ్డు ముట్టలేదు. కొమ్మన బతిమాలాడు, జోలపాడాడు, దాని పక్కన తానూ పస్తు కూర్చున్నాడు. దానివల్ల అతను కూడా చిక్కాడు తప్ప ఫలితం లేకపోయింది.

మూడోనాడు రాజుగారు విడిచిన పంచెలు పట్టుకెళ్ళడానికి వచ్చిన చాకలి నాగి గొణుక్కుంది. సింహాసనం మీద కూర్చునే దొరకు పంచెలు మోకాళ్ళ దగ్గరే ఎందుకు చిరుగుతాయో తన బుర్రకు అందడం లేదట.

కొమ్మన బుర్రకు అందింది. తలుపులు ఎందుకు వేసుకోమన్నారో కూడా అందింది.

ఆమె చేతిలోంచి ఒక పంచె లాక్కుని కట్టుకున్నాడు. తలుపులు బిగించి, చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి, గుడ్డును ముక్కుతో దొర్లించాడు. బంగారి ఆ పంచెను ఒకసారి వాసన చూసి, ఒక్క గెంతులో వచ్చి గుడ్డు పగలగొట్టుకుని తినేసింది. ఇన్నాళ్ళూ నోటితో బతికినవాణ్ణి, చివరికి ముక్కుతో గట్టెక్కానని కొమ్మన నిట్టూర్చాడు.

కిటికీ మాత్రం వేయడం మరిచాడు. దాని అవతల దళవాయి ఎర్రపరాజు నిలబడి ఉన్నాడు. ఏనుగులూ గుర్రాలూ తన చేతికింద ఉండగా, రాజుగారి ముంగిస ఒక నవ్వించేవాడికి దక్కిందని ఆయనకు కడుపుమంట.

కొన్ని నెలలకు రాజుగారు తిరిగొచ్చారు. కొలువులోనే బంగారి నిగనిగలాడుతూ ఆయన ఒళ్ళోకి ఎక్కింది. కొమ్మన ఊపిరి పీల్చుకునేలోగా దళవాయి లేచాడు.

"ఏలినవారి పంచె కట్టి, ఏలినవారినే వెక్కిరించాడు ప్రభూ. ఇలాంటివాణ్ణి పొలిమేర దాటించినా పాపం లేదు."

రాజుగారి ముఖం ఎర్రబడింది. ఎందుకు ఎర్రబడిందో కొలువులో ఇద్దరికే తెలుసు.

పంచె కట్టుకున్నమాట నిజమేనని, బంగారి వాసన పోల్చుకోవాలనే కట్టానని కొమ్మన ఒప్పుకున్నాడు. తర్వాత దళవాయి వైపు తిరిగాడు.

"దళవాయిగారూ, అప్పుడు నేనేం చేస్తున్నాను?"

"నేలమీద పాకుతున్నావు. గుడ్డును ముక్కుతో దొర్లిస్తున్నావు."

"చూడడానికి ఎలా ఉన్నానంటారు?"

ఎర్రపరాజు మీసం దువ్వాడు. "ఎలా ఉంటావు? అచ్చం మహారాజుగారిని చూసినట్టే ఉంది."

కొలువంతా గతుక్కుమంది. కొమ్మన చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, నా మటుకు నాకు నేను పిచ్చివాడిలాగే ఉన్నాను. అందులో ఏలినవారిని పోల్చుకున్నది దళవాయిగారొక్కరే."

మీసం మీద చెయ్యి అక్కడే ఆగిపోయింది. తన ఉద్దేశం అది కాదని దళవాయి నసిగాడు. రాజుగారు కొమ్మనను చూశారు, ఒళ్ళో బంగారిని చూశారు. ఏదో మాట మింగబోయారు గానీ అది మింగుడుపడలేదు.

"అయినా ముక్కుతో ఏమిటయ్యా కొమ్మనా? దొర్లించేది గడ్డంతో కదా!"

అనేశాక గానీ ఏమన్నారో ఆయనకు తెలిసిరాలేదు. ముందు నవ్వింది రాజుగారే. ఆ తర్వాత కొలువు కొలువంతా పొట్టలు పట్టుకుంది. రాజుగారు మెడలోని ముత్యాలపేట తీసి కొమ్మన మెడలో వేశారు. గడ్డం ఎలా ఆనించాలో అతనికి చూపించాలి, ఆరు గుడ్లు పట్టుకురమ్మని దళవాయిని పంపారు.