వస్తాదుగారి తొడ వైద్యం

వీరగిరి సంస్థానాన్ని రాజా అనంతభూపతి ఏలుతున్న రోజుల మాట. మా పుట్టింటివాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

రాజుగారికి పరుగుపందేలంటే తగని పిచ్చి. నరసింహస్వామి తిరునాళ్లకు పొరుగు రాజు తన పరుగువీరుణ్ని వెంటబెట్టుకు వస్తున్నాడని తెలిసి, "వాణ్ని మన పోలయ్య ఓడించి తీరాలి. పరుగెత్తనన్నాడా, మళ్లీ నా గుమ్మం తొక్కకూడదు" అని ఆజ్ఞ వేశాడు.

మర్నాడే సాధన చేస్తూ పోలయ్య, పరుగు మధ్యలో తొడ వెనక చేత్తో పట్టుకుని కూలబడ్డాడు. లోపల ఏదో పటుక్కుమందట. సాయంత్రానికి తొడ వాచి నల్లగా కమిలింది.

అతన్ని సభకు మోసుకొచ్చారు. ఆస్థానంలో సాము నేర్పే వస్తాదు బసవప్ప మీసం దువ్వుకుంటూ లేచాడు.

"ఇదంతా ఒళ్లు దాచుకునే వేషం ప్రభూ! కాగిన నూనె పోసి, మోకాలితో తొక్కి మర్దన చేస్తాను. ఆపైన కోట చుట్టూ పరుగెత్తిస్తాను. ఆగాడా, కొరడా ఉండనే ఉంది!"

"కాలు పోతుంది దొరా! ఇక ఈ జన్మలో పరుగెత్తలేను" అని పోలయ్య బావురుమన్నాడు.

"కానివ్వు వస్తాదూ" అన్నాడు రాజు.

రాజుగారికి తాంబూలం అందించే గవరయ్య పక్కనే నిలబడి ఆకులు చుడుతున్నాడు. తల ఎత్తకుండానే మెల్లగా అడిగాడు.

"వస్తాదుగారూ, మీ వైద్యం మనుషులకేనా, గుర్రాలకు కూడానా?"

"ఏం ప్రశ్నయ్యా అది! మనిషికైనా గుర్రానికైనా తొడ తొడే. నా చెయ్యి పడితే ఏదైనా లేచి పరుగెత్తాల్సిందే!"

"స్వామి దయ! ప్రభూ, మన మేఘం పొద్దుటినుంచి వెనక కాలు ఈడుస్తోంది. ముందు దాన్ని వస్తాదుగారికి అప్పగిద్దామా? నూనె ఎలాగూ కాచబోతున్నారుగా."

మేఘం రాజుగారి గుర్రం. ఆయన పంచప్రాణాలూ దానిమీదే. సింహాసనం మీంచి ఒక్క దూకు దూకాడు.

"నా మేఘాన్ని మోకాలితో తొక్కుతావా, మూర్ఖుడా! కండ చిరిగినప్పుడు తొక్కితే లోపల నెత్తురు ఇంకా కారుతుంది. చన్నీళ్ల గుడ్డ వెయ్యాలి, కట్టు కట్టాలి, విశ్రాంతి ఇవ్వాలి. నొప్పి లేకుండా కాలు మోపాకే నడక. నడక కుదిరాక చిన్న దౌడు. మునుపటి బలం వచ్చాకగానీ పరుగు మాట ఎత్తకూడదు. తొందరపడితే అదే చోట మళ్లీ చిరుగుతుంది. పోయినేడు దానికి కండ చిరిగితే పక్కన కూర్చుని నేనే చేయించాను, నాకు తెలియదా?"

వస్తాదు మీసం కిందికి వాలింది.

గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

"మేఘం నిక్షేపంగా ఉలవలు తింటోంది ప్రభూ. కుంటుతున్నది పోలయ్య."

రాజుగారి కళ్లు ఎర్రబడ్డాయి.

"నాతోనే అబద్ధమా?"

"అసలు వైద్యం ఏలినవారి నోట వినాలని చిన్న ఆశ. మనిషికైనా గుర్రానికైనా తొడ తొడేనని వస్తాదుగారే సెలవిచ్చారు. అందుకని, కాలు బాగయ్యేదాకా పోలయ్యను తమ శాలలో గుర్రంగా నియమించండి."

రాజు పెదవి బిగపట్టాడు. ఇంతలో కిందనుంచి పోలయ్య గొంతు వినిపించింది.

"ఉలవలకు కాస్త తాళింపు పెట్టించండి దొరా!"

ఇక రాజు ఆగలేకపోయాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. సభంతా ఘొల్లుమంది. పందెం వచ్చే ఏటి తిరునాళ్లకు వాయిదా పడింది. రాజుగారి వేలి పచ్చల ఉంగరం గవరయ్య తాంబూలం పళ్లెంలో ఖంగుమంది.

"మరి నన్నేం చెయ్యమంటారు ప్రభూ?" అని గొణిగాడు వస్తాదు.

"కొత్త గుర్రానికి చన్నీళ్ల గుడ్డ మారుస్తూ ఉండు. మోకాలు మాత్రం దగ్గరికి రానివ్వకు!"