పెదవులు కలవని సభ

పిల్లలూ, మీరున్న చోట ఈ కథ చెప్పేవాళ్ళు లేరు. అందుకని నేనే చెబుతున్నాను. ముందు ఒక్కసారి ప, ఫ, బ, భ, మ అని పైకి అనండి. పెదవులు రెండూ తగిలాయి కదా? అది గుర్తుంచుకోండి.

కరకపురమనే రాజ్యాన్ని భీమభూపాలుడు ఏలేవాడు. పెదవులు తగలని అక్షరాలు ఏరుకుని, వాటితో బారెడేసి సమాసాలు అల్లడమంటే ఆయనకు మహా ఇష్టం. ఆ ఇష్టం ముదిరి చట్టమైంది. సభలో నోరు విప్పాలంటే ఎవరైనా కింది పెదవికి తడి కుంకుమ పూసుకోవాలి. సభ ముగిసేలోగా పై పెదవికి ఎరుపు అంటిందా, ఆ రోజు ఆ మనిషి అన్న మాటేదీ చెల్లదు.

"ఎవరి మాటైనా సరే, చివరికి నాదైనా సరే" అని రాజు చాటింపు వేయించాడు. తానూ రోజూ కుంకుమ పూసుకునే కూర్చునేవాడు. ఆయన పై పెదవి ఏనాడూ ఎర్రబడలేదు. తమాషా ఏమిటంటే, ఆ సభలో ఆయన పేరు పలకడానికే ఎవరికీ వీలు లేదు.

పండితులకు పండగైంది. ఒకాయన లేచి, "సకలరాజన్యశిరోరత్నకిరణరంజితచరణా! కనకాంగదాలను అర్థించెదను!" అన్నాడంటే చేతులకు బంగారు కడియాలతో ఇంటికి వెళ్ళేవాడు. పంట పోయినవాడు, ఇల్లు కాలినవాడు మాత్రం మూతి ఎర్రగా చేసుకుని వెనుదిరిగేవాళ్ళు.

రాజును నవ్వించడం గోనయ్య కొలువు. ఆ ఎర్ర మూతులను చూసి చూసి అతనికి నవ్వు పుట్టడం మానేసింది. ఇంటికి వెళితే అన్నం సహించేది కాదు.

ఒకరోజు పేరమ్మ అనే ముసలామె కోట గుమ్మంలో అతని కాళ్ళ మీద పడింది. ఆమె కొడుకు బుల్లెయ్య కోట గోడకు రాళ్ళు మోస్తుంటే ఒక రాయి కాలి మీద పడింది. పనికి రాలేదని వాణ్ణి చెరలో పడేశారు. ఇప్పుడు జ్వరం.

గోనయ్య ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి ఒక్క మాట నేర్పాడు. "నా కొడుకు చెరలో ఉన్నాడు, కరుణించండి. ఇంతే అను అవ్వా."

"ఇంతేనా అయ్యా? వాడి పేరు చెప్పొద్దా?"

"చెప్పొద్దు. నీ పేరూ చెప్పొద్దు."

"పేరు చెప్పకపోతే ఎవరి కొడుకని విడుస్తారయ్యా?"

గోనయ్య కుంకుమ భరిణె ఆమె చేతికిచ్చాడు. "నా మాట విను" అన్నాడు.

పేరమ్మ సభలో నిలబడి, నేర్చిన మాట తప్పు లేకుండా అప్పజెప్పింది. పై పెదవి ఎర్రబడలేదు. గోనయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

రాజు ముందుకు వంగాడు. "ఏ నేరానికి చెర?"

అది నేర్పలేదు. పేరమ్మ ఒక్కసారి బావురుమంది. "నేరం ఏమీ లేదు బాబూ! కాలు మీద రాయి పడింది బాబూ! ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, మనిషి మిగలడు బాబూ!"

మూతంతా కుంకుమే. రాజు చెయ్యి ఊపాడు. "ఎర్రగా అయింది. ఇక చాలు. తీసుకెళ్ళండి."

భటులు ఆమె రెక్క పట్టుకున్నారు. బుల్లెయ్య పని అయిపోయిందని గోనయ్యకు తెలిసిపోయింది. అతని చూపు పక్క గుమ్మం మీద పడింది. అక్కడ దాది వేలు పట్టుకుని రాజుగారి చిన్న కూతురు నిలబడి ఉంది. నడక అప్పుడప్పుడే వస్తోంది.

తల పోతే పోనీ అనుకున్నాడు గోనయ్య. వెళ్ళి పాపను దాది చేతినుంచి తీసుకుని, సింహాసనం వైపు తిప్పి వదిలాడు.

పాప తప్పటడుగులు వేస్తూ బయల్దేరింది. రాజు ముఖం వెలిగింది. పాప ఆయన మోకాలు పట్టుకుని ముద్దుకోసం మోర ఎత్తింది. రాజుకు పెదవి మీది కుంకుమ గుర్తొచ్చింది. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గోనయ్య ఎత్తు పారలేదు.

రాజు అలా తిరగడంతో పాప చేయి జారి మెట్టు మీద బోర్లా పడింది. కెవ్వుమంది. రాజు సింహాసనం మీదినుంచి ఒక్క దూకు దూకాడు. "అయ్యో అమ్మా! మా అమ్మే, మా బంగారమే! దెబ్బ తగిలిందా?" అంటూ ఎత్తుకుని బుగ్గలు, నుదురు, గడ్డం ముద్దులతో నింపేశాడు.

ఏడుపు ఆగింది. రాజు పై పెదవి మొదటిసారి ఎర్రబడింది. పాప ముఖం నిండా ఎర్రటి ముద్రలు. రాజు బొటనవేలితో తుడవబోతే అవి ఇంకా పులుముకున్నాయి.

గోనయ్య తన పెదవి కుంకుమ ఉత్తరీయంతో తుడిచేసుకుని నేల మీద సాగిలపడ్డాడు. "ప్రభూ, నా మాట ఎలాగూ చెల్లదు. పాపాయి బుగ్గలు చెబుతున్నాయి, చూడండి. ఈ అవ్వను తీసుకెళ్ళమన్న మీ మాట కూడా చెల్లదట."

రాజు కళ్ళు ఎర్రబడ్డాయి. "గోనయ్యా, ఇది నీ పన్నాగమా?"

"పన్నాగం నాదే ప్రభూ. ముద్దు మాత్రం మీదే. దెబ్బ తగిలిన బిడ్డ కోసం ఈ అవ్వకు వచ్చిన మాటలే మీకూ వచ్చాయి."

రాజు కూతురి వైపు చూశాడు. పాప నవ్వి ఆయన మీసం పట్టుకుని లాగింది. ఆయనకూ నవ్వొచ్చింది. మెడలోని హారం తీసి గోనయ్య మెడలో వేశాడు. "ఇంకేం కావాలో అడుగు."

"బుల్లెయ్యను విడిపించండి. ఇన్నాళ్ళూ మాట చెల్లక తిరిగి వెళ్ళినవాళ్ళందరినీ మళ్ళీ పిలిపించండి."

బుల్లెయ్యను మంచం మీద మోసుకొచ్చారు. బతికాడు. ఆ కాలు మాత్రం మళ్ళీ సరిగా నేల మీద ఆనలేదు.

మిగిలినవాళ్ళు ఇక కుంకుమ లేకుండానే మాట చెప్పుకోవచ్చని ఊరూరా డప్పు కొట్టించారు. కొందరు వచ్చారు. చాలామంది రాలేదు. కొన్ని ఇళ్ళకు తలుపు తీసేవాళ్ళే లేరని భటులు వచ్చి చెప్పారు. గోనయ్య ఆ హారం మెడలో ఉంచుకోలేకపోయాడు.

పిల్లలూ, చాలామంది ఈ కథను రాజు నవ్విన చోటే ఆపేస్తారు. మీరు అక్కడ ఆపకండి. పేర్లు మరిచిపోతే మీకు తోచిన పేర్లు పెట్టుకోండి, ఫరవాలేదు. పిలిచినా రానివాళ్ళ సంగతి మాత్రం వదలకుండా మీ తర్వాతివాళ్ళకు చెప్పండి. మీరున్న చోట వాళ్ళకు చెప్పేది మీరే.