బసవమ్మక్క చూసిన పూలు

నేనింతవరకు ఏదీ రాయలేదు. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మన్నించండి.

మా గురువుగారు కనకలింగంగారు. ఒకప్పుడు మగ్గం నేసేవారు. ఆదివారాలు మేమంతా ఆయన వసారాలో కూర్చుంటే తత్వం పాడి అర్థం చెబుతారు. ముప్పై ఏళ్ళలో ఒక్క ఆదివారం కూడా తప్పని మనిషి బసవమ్మక్క. కిందటేడు జారిపడి మెడకు దెబ్బ తగిలింది. ఇప్పుడు కాళ్ళూ చేతులూ కదలవు. "ఒక్కసారి అయ్యగారి మాట వినిపించండే" అని ఏడ్చేది. ఆమెది పక్క ఊరు. అయ్యగారు బస్సెక్కలేరు.

ఆమె ఇంట్లో టీవీ ఉంది, పాత డీవీడీ పెట్టె ఉంది. అయ్యగారు మాట్లాడిన వీడియో నా ఫోనులో ఉంది. డిస్కులోకి ఎక్కించి ఇస్తానన్నాను.

మొదటిసారి ఆ వీడియోని ఉన్నదున్నట్టు డిస్కులో వేశా. పెట్టె దాన్ని మింగి, మళ్ళీ బయటికి ఉమ్మేసింది. లైబ్రరీలో పనిచేసే రహీమా చెప్పింది, డీవీడీ పెట్టెకి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేరు ఊరికే దొరుకుతుందని. అయ్యగారింట్లో ఉన్న కంప్యూటర్లో అది పెట్టించి, నాలుగు రోజులు తంటాలు పడి నేర్చుకున్నా.

అందులో మాటకు ముందు ఒక బొమ్మ పెట్టుకోవచ్చు. ఆ మోజులో పడ్డాను. బంతిపూలు పెట్టా. వెనక వేణువు పెట్టా. కింద "తయారుచేసినది అంకమ్మ" అని రాసి, మధ్యలో ఒక బొత్తాం పెట్టా. అది నొక్కితేనే అయ్యగారు మాట్లాడతారు. మొదట్లో ఆయన దగ్గు ఉంటే బాగోలేదని కోసేశా.

డిస్కు పంపిన మూడో రోజు బసవమ్మక్క కోడలు ఫోను చేసింది.

"పూలే వస్తన్నాయి పిన్నీ, అయ్యగారు రావట్లా. అత్తేమో 'వస్తారులే, ఉండు' అంటంది."

"రిమోట్లో బొత్తాం నొక్కాలే తల్లీ. చెప్పానుగా!"

"మర్చిపోయా పిన్నీ. డిస్కు పెట్టేసి కూలికి పోతన్నా."

నాకు ఒళ్ళు మండింది. అయ్యగారి దగ్గరికి వెళ్ళి, "ఇంత కష్టపడి చేస్తే ఒక్క బొత్తాం నొక్కలేరా అయ్యా?" అన్నాను.

"ఏదీ, నేనూ చూస్తా. కంప్యూటర్లో పెట్టు" అన్నారాయన.

పెట్టాను. పక్కన టీ గ్లాసు పెట్టాను. ఆయన దుప్పటి కప్పుకుని రెండు చేతులూ లోపలికి లాక్కున్నారు. పూలు వచ్చాయి, వేణువు మొదలైంది. నొక్కబోతుంటే, "నువ్వు కూలికి పో" అన్నారు.

నవ్వాను. ఆయన నవ్వలేదు. వెళ్ళి మెట్టు మీద కూర్చున్నా.

వేణువు అయిపోయింది. మళ్ళీ మొదలైంది. మళ్ళీ అయిపోయింది. టీ మీద మీగడ కట్టింది. ఒక ఈగ వచ్చి ఆయన చెంప మీద వాలింది. కంటి దాకా పాకింది. ఆయన చేతులు దుప్పట్లోంచి రాలేదు. కళ్ళు మాత్రం పూల మీదే ఉన్నాయి.

నేను ఉండలేకపోయాను. లేచి వెళ్ళి ఈగను తోలాను.

అప్పుడన్నారు, "పూలు బాగున్నాయమ్మా. లోపల ఎవరన్నా ఉన్నారా?"

మర్నాడు తెల్లవారుతూనే కంప్యూటర్ ముందు కూర్చున్నా. పూలు తీసేశా. వేణువు తీసేశా. నా పేరు తీసేశా. కోసేసిన దగ్గు వెతికి మళ్ళీ అతికించా. పెట్టగానే మాట వచ్చేలా, అయిపోతే మళ్ళీ మొదటినుంచి వచ్చేలా డిస్కు ఎక్కించి, నేనే బస్సెక్కి వెళ్ళా.

కోడలు అప్పటికే కూలికి పోయింది. బసవమ్మక్క ఒక్కతే ఉంది. డిస్కు లోపలికి తోసి, పెట్టెకు దూరంగా గోడ పక్కన కూర్చున్నా.

ముందు దగ్గు వినిపించింది.

"విన్నావా అంకమ్మా," అంది బసవమ్మక్క. "వస్తారంటే కోడలు నమ్మలా."